మాత్ర కొన్నారు సరే, మింగారా?

వయసు పైబడేకొద్దీ, ముఖ్యంగా ముట్లుడిగిన స్త్రీలలో, ఎముకలు గుల్లబారుతాయి. దీన్నే ఆస్టియోపొరోసిస్ అంటారు. ఎముక విరిగేదాకా చాలామందికి ఏ బాధా తెలియదు. అందుకే డాక్టరు రాసిచ్చిన మందును "నొప్పి లేదు కదా" అని మధ్యలోనే మానేస్తుంటారు. తుంటి ఎముక విరిగి అవ్వ మంచాన పడితే ఇంటిల్లిపాదికీ కష్టమే.

తమిళనాడు ప్రభుత్వం 'మక్కళై తేడి మరుత్తువం' పథకాన్ని 2021 ఆగస్టు 5న మన కృష్ణగిరి జిల్లా సామనపల్లిలోనే ప్రారంభించింది. బి.పి., షుగర్ మందులను ఇంటికే తెచ్చి ఇవ్వడం అందులో ముఖ్యమైన భాగం. ఏ జబ్బుకైనా మందు ఇల్లు చేరడం మొదటి మెట్టు, వేళకు మింగడం రెండో మెట్టు. ఈ రెండో మెట్టును కొలవడం ఎలా?

పరిశోధకులు వాడే లెక్క సులువైనదే. వారానికొక మాత్ర వేసుకోవాలనుకుందాం. 26 వారాలకు, అంటే 182 రోజులకు, నాలుగేసి మాత్రల అట్టలు ఐదు కొన్నారు. ఆ 20 మాత్రలు 140 రోజులకే సరిపోతాయి. 140ని 182తో భాగిస్తే సుమారు 77 శాతం. సాధారణంగా 80 శాతం, ఆపైన ఉంటేనే మందు సరిగా వాడినట్టు లెక్క.

అమెరికాలో 35 వేలకు పైగా స్త్రీల మందుల కొనుగోళ్లను ఇలాగే లెక్కగట్టి 2006లో ప్రచురించారు. రెండేళ్లలో 80 శాతం అందుకున్నవారు 43 శాతమే. ఎముకలు విరిగే ప్రమాదం మిగతావారికన్నా వారిలో 21 శాతం తక్కువగా కనిపించింది.

అయితే కొన్న మాత్రలన్నీ మింగినట్టు కాదు. కాబట్టి అట్టలో మిగిలినవి కూడా లెక్కపెట్టాలి. "సరిగా వేసుకుంటున్నావా?" అంటే ఎవరైనా "ఊఁ" అనే అంటారు. "పోయిన నాలుగు వారాల్లో ఎన్ని తప్పాయి అవ్వా?" అని మెల్లగా అడిగితే నిజం తెలుస్తుంది.

ఎలా వేసుకున్నారన్నదీ ముఖ్యమే. వారానికొకసారి వాడే అలెండ్రోనేట్ మాత్రను ఉదయం పరగడుపున, గ్లాసెడు మంచినీళ్లతో మింగాలి. తర్వాత కనీసం అరగంట పడుకోకూడదు, ఏమీ తినకూడదు. కాఫీతో వేసుకుంటే ఒంటికి పట్టే మందు సుమారు 60 శాతం తగ్గిపోతుంది.

మందు ఎన్నేళ్లు వాడాలో, ఎప్పుడు ఆపాలో డాక్టరే చెప్పాలి. ఆరు నెలలకొకసారి వేసే డెనోసుమాబ్ ఇంజెక్షన్‌ను ఉన్నట్టుండి మానేస్తే వెన్నుపూసలు విరిగే ప్రమాదం ఉంది.

విద్యార్థులారా! మీ ఇంట్లో ఈ మందు వాడే పెద్దలుంటే క్యాలెండరులో మాత్ర వేసుకున్న రోజున గుర్తు పెట్టండి. తదుపరిసారి ఆసుపత్రికి వెళ్లేటప్పుడు దాన్ని డాక్టరుకు చూపించండి. మీరు బడిలో నేర్చిన శాతాల లెక్క అవ్వ ఎముకకు అండగా నిలుస్తుంది.