కాలువ ఊళ్లే పాఠశాలలు

హైదరాబాద్ నుంచి విజయవాడకు సాగే 65వ జాతీయ రహదారి భాగానికి రెండు కొనల్లోనూ ఆర్కిటెక్చర్ నేర్పే ప్రభుత్వ విద్యాసంస్థలున్నాయి. హైదరాబాద్‌లోని జవహర్‌లాల్ నెహ్రూ ఆర్కిటెక్చర్ అండ్ ఫైన్ ఆర్ట్స్ విశ్వవిద్యాలయం, విజయవాడలోని స్కూల్ ఆఫ్ ప్లానింగ్ అండ్ ఆర్కిటెక్చర్ రెండూ 2008లోనే ఏర్పడ్డాయి. వాటి నడుమ దారి మీద సూర్యాపేట, కోదాడ, దారికి దక్షిణంగా మిర్యాలగూడ, దానికి నైరుతి దిక్కున నాగార్జున సాగర్ ఉన్నాయి. అయిదేళ్ల చదువు చివర ప్రతి విద్యార్థీ చేసే థీసిస్‌కు, అంటే ఒక స్థలాన్నీ అక్కడి జనాన్నీ పరిశీలించి పటాలు, నమూనా, నివేదికలతో సమర్పించే స్వతంత్ర రూపకల్పనకు, మహానగరపు మెట్రో స్టేషన్ కన్నా ఈ ఊళ్లు ఎక్కువ నేర్పగలవు. సుస్థిర నగర రూపకల్పన అని తరగతి గదుల్లో చెప్పుకునేదానికి, అంటే నీటినీ నేలనూ ఇంధనాన్నీ రాబోయే తరాలకు మిగిల్చే విధంగా, నివసించేవారి మాటతో ఊరిని తీర్చిదిద్దడానికి, కావలసిన ముడిసరుకూ పూర్వానుభవమూ ఇక్కడ కళ్లెదుటే ఉన్నాయి.

పూర్వానుభవానికి సూర్యాపేటే సాక్ష్యం. 2000 తర్వాతి తొలి సంవత్సరాలలో, ఎస్.ఎ. ఖాదర్ సాహెబ్ మున్సిపల్ కమిషనర్‌గా ఉన్న కాలంలో, ఈ పట్టణం తడి చెత్తనూ పొడి చెత్తనూ ఇంటి దగ్గరే వేరుచేయించి, తడిచెత్తను వానపాముల ఎరువుగా మార్చి, పొడిచెత్తను అమ్మి దేశమంతటి దృష్టినీ ఆకర్షించింది. ఇందులో పెద్ద యంత్రాల ప్రమేయం లేదు. గడపగడపకూ వెళ్లి చెప్పిన మాట, రెండు బుట్టలు, వేళ తప్పని ట్రాక్టర్ దానిని నడిపించాయి. వీధి వెడల్పు, ట్రాక్టర్ మలుపు, ఎరువు తొట్ల చోటు, పారిశుధ్య కార్మికులు చేతులు కడుక్కుని నీడన కూర్చునే జాగా, ఇవన్నీ గీతల్లోకి రావలసిన విషయాలే. ఇటువంటి పనిని కొలతలతో నమోదుచేసే విద్యార్థి, అద్దాల గోడల భవనం గీసే విద్యార్థి కన్నా తక్కువవాడు కాడు.

ముడిసరుకు మిర్యాలగూడలో ఉంది. సాగర్ ఎడమ కాలువ కింద పండే ధాన్యం ఆడే రైస్ మిల్లులకు ఈ పట్టణం పేరుపొందింది. ధాన్యం బరువులో సుమారు అయిదో వంతు ఊక. ఉప్పుడు బియ్యం కోసం ధాన్యాన్ని ఉడికించే బాయిలర్లలో ఆ ఊకే ఇంధనం. కాలిన ఊకలో మళ్లీ సుమారు అయిదో వంతు బూడిదగా మిగులుతుంది. ఆ బూడిదలో అత్యధిక భాగం సిలికా, అంటే ఇసుకలో ఉండే పదార్థమే. తగిన వేడిలో కాలిస్తే అది సున్నంతో కలిసి సిమెంటులా గట్టిపడే గుణాన్ని పొందుతుంది. ఇక్కడికి దూరం కాని మేళ్లచెరువు, మఠంపల్లి ప్రాంతంలో సున్నపురాయి నేలలు, సిమెంటు కర్మాగారాలు ఉన్నాయి. సున్నపురాయిని కాల్చినప్పుడు బొగ్గుపులుసు వాయువు తప్పనిసరిగా వెలువడుతుంది కనుక, సిమెంటులో కొంత భాగం బదులు బూడిద చేరినంత మేరకు ఆ భారం తగ్గుతుంది. ఇటుకలను నిలబెట్టి నడుమ ఖాళీ వదిలి కట్టే ర్యాట్‌ట్రాప్ పద్ధతిని, కేరళలో ఆర్కిటెక్ట్ లారీ బేకర్ విస్తృతంగా వాడిన ఆ కట్టుబడిని, ఈ బూడిద వాడకానికి జోడిస్తే ఇటుకల్లో సుమారు పాతిక శాతం మిగులుతుంది. గోడలోని గాలిపొర ఎండను కొంత ఆపుతుంది. మే నెల ఈ ఊళ్లున్న ఉమ్మడి నల్లగొండ జిల్లాలో గడిపినవారికి ఆ కొంత ఎంతో తెలుసు.

విద్యార్థి థీసిస్ అల్మారాలో మిగలనవసరం లేదనడానికి బంగ్లాదేశ్‌లోని రుద్రపూర్ పాఠశాల నిదర్శనం. అన్నా హెరింగర్ 2004లో ఆస్ట్రియాలోని లింజ్‌లో డిప్లొమా థీసిస్‌గా రూపొందించిన ఆ బడిని మరో ఆర్కిటెక్ట్ ఐకే రోస్వాగ్‌తో, ఊరి పనివాళ్లతో కలిసి 2005లో కట్టడం మొదలుపెట్టారు. గడ్డి కలిపిన మట్టిని పశువులతో తొక్కించి కింది అంతస్తు గోడలు, వెదురుతో పై అంతస్తు లేపారు. 2007లో దానికి ఆగాఖాన్ పురస్కారం లభించింది. ఇందులో పురస్కారం కన్నా ముఖ్యమైనది, గీయడానికి చాలా ఏళ్ల ముందే ఆమె ఆ ఊళ్లో దాదాపు ఏడాది స్వచ్ఛందంగా పనిచేయడం. వారం రోజుల స్థల సందర్శనతో అటువంటి పరిచయం కుదరదు. ఇది మన విద్యాప్రణాళికలు గట్టిగా పట్టించుకోవలసిన లోటు.

సాగర్ దగ్గర ఈ చర్చ మరింత లోతుకు వెళ్తుంది. 1955 డిసెంబరు 10న జవహర్‌లాల్ నెహ్రూ శంకుస్థాపన చేసిన ఈ రాతి ఆనకట్ట కోసం హిల్ కాలనీ, పైలాన్ కాలనీ వెలిశాయి. ఇప్పుడవి నందికొండ మున్సిపాలిటీలో భాగం. ఒక పని కోసం పుట్టిన ఊరు ఆ పని ముగిశాక ఎలా బతకాలన్నది ఏ థీసిస్‌కైనా చాలినంత ప్రశ్న. అదే జలాశయం అడుగున క్రీ.శ. 3వ శతాబ్దంలో ఇక్ష్వాకుల రాజధానిగా వెలిగిన విజయపురి ఉంది. 1954 నుంచి 1960 వరకు సాగిన తవ్వకాలలో అక్కడ విహారాలు, నది ఒడ్డున స్నానఘట్టాలు, నాలుగు వైపులా మెట్లున్న రంగస్థలం బయటపడ్డాయి. ముంపుకు ముందు కొన్ని కట్టడాలను అక్కడి కొండ మీదికీ, కుడి ఒడ్డున అనుపుకూ తరలించి మళ్లీ కూర్చారు.

అనుపులో మళ్లీ కూర్చిన ఆ రంగస్థలం మెట్ల మీద కూర్చుంటే ఊరంతా ఒకచోట చేరడానికి రాయీ ఇటుకా ఎంత అవసరమో, ఎంతతో ఆగాలో అర్థమవుతుంది. జ్యూరీ, అంటే అధ్యాపకులు విద్యార్థి పనిని పరీక్షించే సభ, అటువంటి చోటికి, కనీసం కోదాడలోని ఒక వార్డుకో మిర్యాలగూడలోని ఒక మిల్లు ఆవరణకో తరలాలి. పటాల మీది పేర్లు తెలుగులో ఉండాలి. మొదటి ప్రశ్న అడిగే హక్కు ఆ వీధిలో రోజూ నీళ్లు పట్టుకునే మనిషికి దక్కాలి.