గుడ్డు నుండి ఉక్కుపాత్రకు

కోనసీమలో కొబ్బరిచెట్ల నీడన నాటుకోళ్ళు తిరుగాడని పెరడు అరుదు. అమలాపురం, రాజోలు, కొత్తపేట ప్రాంతాల పల్లెలలో పేద గృహిణికి పెరటికోడి ఒక చిన్న పొదుపు. బిడ్డకు పుస్తకాలు కొనవలసినా, ఇంటికి వచ్చిన చుట్టాన్ని ఆదరించవలసినా అదే అక్కరకు వస్తుంది. ఆ పొదుపును కొద్దిరోజులలో హరించగలది కొక్కెర తెగులు. మెడ మెలితిరిగి, ఆకుపచ్చని రెట్ట వేస్తూ, ఊపిరాడక కోళ్ళు నేలకొరుగుతాయి. 1926లో జావాలోను, 1927లో ఇంగ్లండులోని న్యూకాసిల్‌లోను గుర్తింపబడిన ఈ వ్యాధికి మన దేశంలో రాణీఖేత్ వ్యాధి అని పేరు. సోకిన పిమ్మట దీనికి మందు లేదు. ముందుగా వేయించిన టీకాయే రక్ష.

టీకా తయారీకి వైరస్ కావాలి. బాక్టీరియా పోషకద్రవంలో పెరుగుతుంది. వైరస్‌కు మాత్రం సజీవకణమే ఆశ్రయం. 1931లో అమెరికా శాస్త్రవేత్త గుడ్‌పాశ్చర్, ఆయన సహచరులు కోడి మశూచి వైరస్‌ను పిండమున్న గుడ్డులో పెంచి చూపారు. నాటి నుండి గుడ్డే వైరస్‌కు పొలమైంది. తొమ్మిది పది దినాలు పొదిగిన గుడ్డులోనికి సూదితో వైరస్‌ను పంపి, కొన్ని దినాల పిమ్మట పిండం చుట్టూ ఉన్న ద్రవాన్ని సేకరిస్తారు. అయితే ఈ విధానానికి అసంఖ్యాకమైన గుడ్లు కావాలి. తల్లికోడిలోని రోగక్రిమి గుడ్డు ద్వారా టీకాలో చేరే ప్రమాదమూ ఉంది. అందుచేత నిర్దిష్ట రోగాలు లేని కోళ్ళను ప్రత్యేకంగా పెంచవలసి వచ్చింది.

1949లో ఎండర్స్, వెల్లర్, రాబిన్స్ పోలియో వైరస్‌ను గాజుపాత్రలోని కణాలలో పెంచారు. 1954లో నోబెల్ బహుమతి పొందారు. ఆ మార్గంలో వెలసినదే బయోరియాక్టర్. ఇది ఉష్ణోగ్రత, ప్రాణవాయువు, ఆమ్లత నిరంతరం అదుపులో ఉండే ఉక్కుపాత్ర. కొన్ని కణాలు ద్రవంలో తేలుతూ పెరుగుతాయి. కొన్నింటికి అంటుకొనడానికి ఆధారం కావాలి. వాటికై 1967లో వాన్ వెజెల్ సూక్ష్మమైన పూసలను ప్రవేశపెట్టాడు. హైదరాబాదులోని ఇండియన్ ఇమ్యునలాజికల్స్ సంస్థ పశువుల గాలికుంటు వ్యాధి టీకాను ఇట్టి కణవర్ధన విధానంలోనే తయారుచేస్తున్నది. కోళ్ళ మారెక్స్ వ్యాధి టీకా కూడ కణాలలో పెరిగినదే.

మరి కొక్కెర తెగులు టీకా నేటికీ అధికంగా గుడ్లలోనే ఎందుకు తయారవుతున్నది? టీకాకు వాడే మృదువైన వైరస్ కణంలో ప్రవేశించాలంటే, దాని పైనున్న ఒక మాంసకృత్తును ఎంజైము ఛేదించాలి. ఆ ఎంజైము గుడ్డు ద్రవంలో సహజంగానే ఉంది. ఉక్కుపాత్రలో ట్రిప్సిన్ అనే ఎంజైమును ప్రత్యేకంగా కలపాలి; వ్యయం పెరుగుతుంది. ప్రకృతి చౌకగా చేసే పనిని యంత్రం అంతే చౌకగా చేయగలగడమే శాస్త్రజ్ఞుల ముందున్న పరీక్ష.

ఎక్కడ పెరిగినా, సజీవ టీకా వేడికి నశిస్తుంది. గోదావరి పాయ దాటి లంకగ్రామం చేరేవరకు దానిని చల్లగా కాపాడాలి. ప్రయోగశాలలోని మేధకు దారిలోని శ్రద్ధ తోడైనపుడే పేదఇంటి పెరటికోడి బ్రతుకుతుంది.