మద్యభేదములు - అర్థనిర్ణయము

తిరుమల కొండపై మద్యము నిషిద్ధము. కొండ దిగువన తిరుపతి ఆయుర్వేద కళాశాలలో ఆసవారిష్టముల సంధానవిధి పాఠ్యాంశము. ఈ రెంటికిని విరోధము లేదు. శాస్త్రకారులు మద్యమును ఏకవస్తువుగా భావింపక, యోనిని, సంధానమును, గుణమును బట్టి విభజించిరి. ఈ విభాగమును విస్మరించి సుర, ఆసవము, సీధువు, వారుణి అను వానినన్నింటిని 'కల్లు' అనియో 'సారా' అనియో తెనిగించుటచే గ్రంథార్థము చెడుచున్నది.

ధర్మశాస్త్రదృష్టి నిషేధప్రధానము. మనుస్మృతి గౌడి, పైష్టి, మాధ్వి అని సురను త్రివిధముగా చెప్పినది. వైద్యదృష్టి ద్రవ్యప్రధానము. చరకసంహిత సూత్రస్థానము ఆసవయోనులను తొమ్మిదిగా పేర్కొని, ధాన్యములు 6, ఫలములు 26, మూలములు 11, సారములు 20, పుష్పములు 10, కాండములు 4, పత్రములు 2, త్వక్కులు 4, శర్కర 1, వెరసి 84 ఆసవములను గణించినది.

కౌటిల్యుని దృష్టి పాలనకు సంబంధించినది. అర్థశాస్త్రము రెండవ అధికరణమందలి సురాధ్యక్షప్రకరణమున మేదకము, ప్రసన్న, ఆసవము, అరిష్టము, మైరేయము, మధువు అను ఆరు భేదములు కలవు. మేదకమునకు నీరు ఒక ద్రోణము, బియ్యము అర్ధాఢకము, కిణ్వము మూడు ప్రస్థములు. కిణ్వమనగా పులియబెట్టు బీజము. ఇచ్చట మధువనగా ద్రాక్షారసమద్యము. కాపిశాయనము, హారహూరకము అని దేశమును బట్టి దానికి పేర్లు. ఆసవయోగమున చేర్పబడు ప్రస్థపరిమిత మధువు మాత్రము తేనెయే. ఒకే ప్రకరణమున ఒకే శబ్దమునకు రెండర్థములుండుట అనువాదకుడు గమనింపవలసిన విషయము.

శార్ఙ్గధరసంహిత సంధానభేదమును స్పష్టపరచినది. అపక్వౌషధములతోను నీటితోను సిద్ధమైనది ఆసవము. కషాయముతో సిద్ధమైనది అరిష్టము. చెరకురసముచే అయినది సీధువు. రసమును కాచినచో పక్వరసము, కాచనిచో శీతరసము. వండిన అన్నాదులను పులియబెట్టగా సుర. దాని పైతేట ప్రసన్న, అంతకంటె చిక్కనిది కాదంబరి, దాని క్రిందిది జగలము, జగలముకంటె ఘనమైనది మేదకము. కౌటిల్యుని మేదకము ఒక ప్రత్యేకయోగము, ఇచ్చటి మేదకము సురలోని ఒక పొర. నామసామ్యము వస్తుసామ్యము కాదు. తాటి, ఖర్జూరరసములచే సంధింపబడినది వారుణి. రాయలసీమలోని తాటికల్లు, ఈతకల్లులకు సరియగు సంస్కృతపదమిదియే.

గుణవిషయమున సుశ్రుతుడు మార్ద్వీకము, అనగా ద్రాక్షమద్యము, విదాహకరము కాకుండుటచే రక్తపిత్తమునందును నిషిద్ధము కాదనెను. క్రొత్తమద్యము గురువు, ప్రాతది లఘువు. నేటి ద్రాక్షమద్యములందలి ఎరుపు, తెలుపు భేదము కూడ సంధానమూలకమే. నల్లద్రాక్షను తొక్కతో పులియబెట్టిన ఎరుపువన్నె, తొక్క తొలగించి రసమును మాత్రమే పులియబెట్టిన తెలుపువన్నె కలుగును.

ఇక 'సారా' శబ్దము. 1992లో నెల్లూరు జిల్లా దూబగుంట స్త్రీలు ఎదిరించినది బట్టీలో కాచి దించిన సారాను. పై గ్రంథభాగములందలి సుర పులియబెట్టినదే గాని, ఆవిరి పట్టి దించినది కాదు. సురను సారాయని తెనిగించినచో పాఠకుడు వస్తువును, ప్రక్రియను, తీవ్రతను మూడింటిని పొరబడును. కావున ఈ శబ్దములను తత్సమములుగానే నిలిపి, యోనిని, సంధానమును వివరించుటయే యుక్తము.