అక్షరం మారకుండానే మారే పంట: అపోహలు – వాస్తవాలు

ఆయిల్‌పామ్ గెల కోసి ఒక కాయ చేతిలోకి తీసుకుంటే కోలగా, నున్నగా ఉంటుంది. ‘మాంటిల్డ్’ అనే అవకరం ఉన్న చెట్టు కాయ అలా ఉండదు. చుట్టూ మరికొన్ని కండ తొనలు మొలుచుకొచ్చి అసలు కాయను కమ్మేస్తాయి. పూవులో కేసరాలు రావాల్సిన చోట అండాశయపు తొనలు రావడం వల్ల కలిగే వైపరీత్యమిది. ముదిరితే గెలలో కాయ నిలవదు, నూనె దక్కదు. ఇంత తేడా రావడానికి డీఎన్‌ఏలో ఒక్క అక్షరమైనా మారనక్కర్లేదు.

మారేవి డీఎన్‌ఏ మీది గుర్తులు. మిథైల్ అనే చిన్న రసాయన గుంపు డీఎన్‌ఏకు అక్కడక్కడా అంటుకుంటుంది. డీఎన్‌ఏ చుట్టుకుని ఉండే హిస్టోన్ ప్రోటీన్ల మీదా ఇలాంటి గుర్తులే పడతాయి. ఏ జన్యువు ఎప్పుడు, ఎంత పనిచేయాలన్నది చాలావరకు వీటి చేతిలో ఉంటుంది. ఈ శాస్త్రమే ఎపిజెనెటిక్స్. పేరు కొత్తగా వినిపించేసరికి దాని చుట్టూ కథలు కూడా బాగానే అల్లుకున్నాయి.

అపోహ: టిష్యూ కల్చర్ మొక్క తల్లి చెట్టుకు అచ్చుగుద్దిన నకలు.

ఆయిల్‌పామ్‌ను టిష్యూ కల్చర్‌లో పెంచడం 1970ల్లో సాధ్యమైంది. బాగా కాసే చెట్టును ఎంచుకుని, దాని నుంచి వేల మొక్కలు తీసి తోటలు వేస్తే దిగుబడికి తిరుగుండదని అందరూ ఆశపడ్డారు. 1980ల్లో ఆ మొక్కలు పూతకొచ్చాక మాంటిల్డ్ కాయలు బయటపడ్డాయి. ఆయిల్‌పామ్‌తో చిక్కేమిటంటే నాటిన కొన్నేళ్లకు గానీ గెల చూడలేం. అంతవరకూ పెట్టిన ఎరువు, నీరు, కూలీ అంతా అయిపోయాకే సంగతి తెలుస్తుంది.

కారణం తేలడానికి మూడు దశాబ్దాలు పట్టింది. 2015లో మలేసియన్ పామాయిల్ బోర్డు శాస్త్రవేత్తలు, అమెరికాలోని కోల్డ్ స్ప్రింగ్ హార్బర్ ప్రయోగశాలతో కలిసి దాన్ని పట్టుకున్నారు. పూల భాగాలను తీర్చిదిద్దే డెఫిషియెన్స్ అనే జన్యువు మధ్యలో, ఎప్పుడో చొరబడి కూర్చున్న ఒక గెంతుడు డీఎన్‌ఏ ముక్క ఉంది. దాని పేరు ‘కర్మ’. మామూలు చెట్టులో దాని నిండా మిథైల్ గుర్తులుంటాయి కాబట్టి అది ఉన్నా లేనట్టే. కణజాలాన్ని గాజు సీసాల్లో పెంచేటప్పుడు కొన్ని మొక్కల్లో ఆ గుర్తులు రాలిపోతాయి. అప్పుడు జన్యువు సందేశం సగంలో తెగి, పూవు దారి తప్పుతుంది. గుర్తులున్న రూపానికి మంచి కర్మ అనీ, పోయిన రూపానికి చెడ్డ కర్మ అనీ శాస్త్రవేత్తలే పేర్లు పెట్టుకున్నారు. ఇప్పుడు ఆకు ముక్క పరీక్షించి చెడ్డ కర్మ మొక్కను నాటకముందే ఏరేయొచ్చు.

మన ఏలూరు, అశ్వారావుపేట వైపు రైతులకు ఇక్కడ ఒక మాట చెప్పాలి. మన తోటల్లో ఎక్కువగా ఉన్నవి డ్యూరా, పిసిఫెరా రకాలను సంకరం చేసి, గింజ నుంచి పెంచిన టెనెరా మొక్కలు. ఆ సంకరంలో పొరపాటు జరిగి డ్యూరానో పిసిఫెరానో తోటలోకి వస్తే అది అచ్చంగా డీఎన్‌ఏ అక్షరాల తేడాయే. సరిగా కాయని ప్రతి చెట్టుకూ ఎపిజెనెటిక్స్ పేరు అంటగట్టడం కుదరదు.

అపోహ: మిథైల్ గుర్తు పడితే జన్యువు మూతపడుతుంది, పోతే తెరుచుకుంటుంది.

పాఠ్యపుస్తకాల్లో ఇలాగే ఉంటుంది. చాలాచోట్ల నిజం కూడా. పండని టమాటా కాయలోకి, మిథైల్ గుర్తులు పడకుండా ఆపే మందును సూదితో ఎక్కిస్తే ముందే ఎర్రబడిందని 2013లో చూపించారు. పండేటప్పుడు టమాటా తనంతట తానే చేసుకునే పని కూడా అదే: పక్వానికి సంబంధించిన జన్యువుల మొదళ్ల దగ్గర గుర్తులు చెరుపుకుంటూ పోతుంది. కానీ పైన చెప్పిన ఆయిల్‌పామ్‌ను చూడండి. అక్కడ గుర్తులుంటేనే జన్యువు సవ్యంగా పనిచేస్తుంది, పోతే పాడవుతుంది. గుర్తు ఎక్కడ పడిందన్నదే అసలు ప్రశ్న.

టమాటాను ఫ్రిజ్‌లో పెడితే రుచి చచ్చిపోతుందని మన ఇళ్లలో ఎప్పుడూ అనుకునేదే. అది మాత్రం అపోహ కాదు. 2016లో వెలువడిన ఫ్లోరిడా, కార్నెల్ విశ్వవిద్యాలయాల పరిశోధనలో పండ్లను వారం పాటు 5 డిగ్రీల చలిలో ఉంచి చూశారు. తీపి, పులుపు పెద్దగా మారలేదు. దెబ్బతిన్నది వాసన. ఘుమఘుమనిచ్చే ఆవిరి పదార్థాల తయారీ పడిపోయింది, పండ్లను తిరిగి బయట పెట్టినా పూర్తిగా కోలుకోలేదు. చల్లదనానికి కొన్ని పక్వ జన్యువుల మీద మిథైల్ గుర్తులు మళ్లీ పెరగడం కనిపించింది.

అపోహ: పంట ఒకసారి ఎండకో చలికో ఓర్చుకుంటే, ఆ ఓర్పు విత్తనంలోకి దిగిపోతుంది.

అన్నిటికన్నా ఎక్కువగా వినబడేది ఇదే. దీనికి రక్తపు మరకలున్న చరిత్ర కూడా ఉంది. శీతాకాలపు గోధుమకు చలి చూపించి, దాన్ని శాశ్వతంగా వసంతకాలపు గోధుమగా మార్చవచ్చని సోవియట్ దేశంలో లైసెంకో ప్రకటించాడు. 1948లో ప్రభుత్వ అండతో జన్యుశాస్త్రాన్నే అక్కడ వెలివేయించాడు. లైసెంకోను ఎదిరించిన, ప్రపంచమంతా తిరిగి విత్తనాలు సేకరించిన వావిలోవ్ అప్పటికే, 1943లో, సరాతోవ్ జైల్లో చనిపోయాడు. ఈ మధ్య ఎపిజెనెటిక్స్ పేరు చెప్పి, లైసెంకో మాటే చివరికి నెగ్గిందని రాసేవాళ్లున్నారు. నెగ్గలేదు.

అసలు జరిగేది క్యాబేజీలో చూడొచ్చు. మన మైదానాల్లో అది గడ్డ కట్టి ఊరుకుంటుంది, పూతకు రాదు. విత్తనం కావాలంటే హిమాచల్‌లోని కులూ లోయ లాంటి చల్లటి చోట పెంచాలి. ఆవ కుటుంబపు మొక్కల్లో పూతను ఆపి ఉంచే జన్యువు ఒకటుంది. వారాల తరబడి చలి తగిలితే దాని మీద హిస్టోన్ గుర్తులు పేరుకుని అది మూతపడుతుంది. చలి పోయి ఎండ వచ్చినా మూతపడే ఉంటుంది, అందుకే మొక్క వసంతంలో పూస్తుంది. ఇది నిజమైన జ్ఞాపకమే. అయితే గింజ ఏర్పడేటప్పుడు ఆ గుర్తులు చెరిగిపోయి జన్యువు మళ్లీ తెరుచుకుంటుంది. పిల్ల మొక్క తన చలి తానే అనుభవించాలి. చెరగకపోతే విత్తనం ఏ కాలంలో మొలిచినా పూతకొచ్చేసేది, చలికాలం దాటాలన్న ఏర్పాటే దెబ్బతినేది.

నీటి ఎద్దడి లాంటి కష్టాల గుర్తులు కూడా చాలామటుకు అదే తరంలోనో, ఒకటి రెండు తరాల్లోనో మాసిపోతాయి. విత్తనాన్ని నానబెట్టి ఆరబెట్టి విత్తితే మొలక బాగా వస్తుంది, నిజమే. ఆ లాభం ఆ పంటతో సరి.

అలాగని ఏదీ తరం దాటదనుకున్నా పొరపాటే. 1744లో లినేయస్ ఒక గడ్డిపూల మొక్కలో వింత ఆకారపు పూవును వర్ణించాడు. అలాంటి పూవుకు కారణం ఒక జన్యువు మీది మిథైల్ గుర్తులేనని 1999లో తేలింది. గుర్తులు గింజ ద్వారా తర్వాతి తరానికి వెళ్లాయి. వరిలోనూ ఒక పొట్టి రకాన్ని జపాన్ శాస్త్రవేత్తలు 2009లో వివరించారు. దాని ఒకే దుబ్బులో కొన్ని పిలకలు పొట్టిగా, కొన్ని మామూలుగా ఉంటాయి, ఎందుకంటే గుర్తు అప్పుడప్పుడూ జారిపోతుంది. రైతుకు కావలసింది నిలకడ. కాబట్టి ఎవరైనా ఇలాంటి వంగడం గురించి గొప్పగా చెబితే, ఎన్ని తరాలు చూశారని అడగడం మంచిది.

అపోహ: ఎపిజెనెటిక్స్ అంటే జన్యుమార్పిడికి ఇంకో పేరు.

ప్రతి మొక్కలోనూ సహజంగా నడిచే వ్యవహారమిది. సాంబ మసూరి నుంచి రాజేంద్రనగర్ వరి పరిశోధన సంస్థ తీర్చిన, 2025లో ప్రకటించిన ‘కమల’ వరి కూడా ఎపిజెనెటిక్స్ కోవలోకి రాదు. అందులో దిద్దింది డీఎన్‌ఏ అక్షరాలనే. ఎపిజెనెటిక్స్, జన్యుమార్పిడి రెండూ కలిసే చోటు మాత్రం ఒకటుంది. కర్రపెండలంలో ఎండు తెగులు తెచ్చే బ్యాక్టీరియా ఒక చక్కెర జన్యువును తట్టిలేపి తన తిండి తాను చూసుకుంటుంది. 2023లో అమెరికా పరిశోధకులు ఆ జన్యువు మొదట్లో, సరిగ్గా బ్యాక్టీరియా చెయ్యి వేసే చోట, మిథైల్ గుర్తులు పడేలా చేశారు. తెగులు తగ్గింది, మొక్క మామూలుగానే పెరిగింది. కాకపోతే ఆ గుర్తు వేసే పనిముట్టును మొక్కలోకి పంపింది జన్యుమార్పిడితోనే.