ఆగి ఆగి నడిచే చార్జింగు పంపు: తప్పు మోటారుదేనా?

గుంటూరు, పల్నాడు, ప్రకాశం జిల్లాల మిరప తోటల్లో, పత్తి చేలల్లో మందు కొట్టడానికి చార్జింగు పంపులు మామూలయ్యాయి. నిండు ట్యాంకు వీపున వేసుకుని సాలు మధ్యకు వెళ్లేసరికి మోటారు ఆగిపోతుంది. కాసేపటికి దానంతటదే తిరుగుతుంది. మళ్లీ ఆగుతుంది. పూర్తిగా చెడిపోయిన పంపు కంటే ఇలాంటి పంపుతోనే నష్టమెక్కువ. కొన్ని మొక్కలకు మందు రెండుసార్లు పడుతుంది, కొన్నింటికి అసలు పడదు. 2021-22లో నల్ల తామర పురుగు మిరపను ఎలా దెబ్బ తీసిందో చూసిన రైతులకు దీని సంగతి వేరే చెప్పనక్కరలేదు.

మోటారు మార్పించే ముందు, అది ఎప్పుడు ఆగుతోందో గమనించడం మంచిది.

ట్రిగ్గరు వదిలినప్పుడు ఆగితే అది లోపం కాదు. లోపలి ప్రెషరు స్విచ్చి చేసే పని అదే. నొక్కి పట్టినా టక్ టక్‌మని ఆగి ఆగి తిరుగుతుంటే నాజిలులోనో, పిడిలోని జాలీలోనో నలక అడ్డుపడి ఉంటుంది. మందు పోయే దారి లేక ఒత్తిడి పెరిగి స్విచ్చి మోటారును ఆపేస్తుంది. చేతులకు తొడుగులు వేసుకుని, నాజిలు విప్పి, పాత పళ్ల బ్రష్షుతో నీళ్లలో కడగాలి. నోటితో ఊదితే ప్రాణం మీదికి వస్తుంది. పొడి మందును ముందుగా బకెట్టులో కలిపి, వడగట్టి పోస్తే ఈ బాధ చాలావరకు తప్పుతుంది.

నడక కుదుపుకు ఆగితే వైర్లను అనుమానించాలి. ట్యాంకు కడిగి, మంచినీళ్లు పోసి, మోటారు నడుపుతూ ఒక్కొక్క వైరునే మెల్లగా కదిపి చూడాలి. ఏది కదిపితే ఆగుతుందో లోపం అక్కడే. స్విచ్చి ఆపి, బ్యాటరీ వైరు తీసి, చిలుము గీకి బిగుతుగా పెట్టాలి. పోయిన ఫ్యూజుకు బదులు రాగి తీగ చుడితే వైర్లు కాలిపోతాయి.

ఒకటి రెండు ట్యాంకులు బాగానే కొట్టి, నీరసించి ఆగి, కొంతసేపు ఊరుకుంటే మళ్లీ తిరిగితే అది బ్యాటరీ లోపం. 12 వోల్టుల సీసపు బ్యాటరీ ఊరికే ఉన్నప్పుడు 12.5 వోల్టులు చూపినా నమ్మరాదు. నిండుగా చార్జింగు పెట్టి, మోటారు తిరుగుతుండగా మీటరు పెట్టించాలి. 10.5కు దిగువకు పడితే బ్యాటరీ దెబ్బతిన్నట్టే. కోతలయ్యాక పంపును కొట్టంలో పడేసి మరుసటి ఏడు తీస్తే సీసపు బ్యాటరీ పాడవుతుంది. నెలకొకసారి చార్జింగు పెట్టాలి. లిథియం బ్యాటరీకి సీసపు బ్యాటరీ చార్జరు వాడరాదు.

ఇవన్నీ సవ్యంగా ఉండి, మోటారును తట్టినప్పుడే తిరిగి మళ్లీ ఆగుతుంటే లోపలి కార్బన్ బ్రష్షులు అరిగి ఉండవచ్చు. కొత్త మోటారు మాట అప్పుడే.

మందు కలపక ముందే ఇంటి దగ్గర మంచినీళ్లతో ఐదు నిమిషాలు నడిపి చూసుకుంటే, మందు నీళ్లు వీపున కారుతుండగా చేలో మూత విప్పే అవస్థ తప్పుతుంది.