కంప్యూటరు చదువు విధము

మన మాస్తిలో పిల్లలు రెండు లిపులు చదువుదురు: బడిలో తెలుగు, బస్సుమీద కన్నడము. ఆ రెండును ఒక తల్లి బిడ్డలగుటచే, ఒకదానిలో రెండవదాని అక్షరము చొరబడినను మన కన్ను సవరించుకొని చదువును. కంప్యూటరునకు ఆ ఔదార్యము లేదు. అందుచే కలుగు చిక్కులను, వాని నివారణమును ఇచ్చట వివరింతుము.

ప్రోగ్రామునకు వలయు అమరికలను వేరొక ఫైలులో వ్రాసియుంచుదురు. దానిని కాన్ఫిగరేషన్ ఫైలందురు. ప్రశ్నపత్రములు ముద్రించు ప్రోగ్రామొకటి యున్నదనుకొందము. దాని ఫైలిట్లుండును:

బోధనాభాష = తెలుగు
విద్యార్థులు = 35
కేంద్రము = శ్రీనివాసపురము

ఇందలి విలువలన్నియు మొదట వట్టి అక్షరముల వరుసలే. పైథాన్ భాషలోని కాన్ఫిగ్‌పార్సర్ 35ను గూడ అక్షరములుగానే అందించును. సంఖ్యగా మార్చుట మన పని. అయినను అంకెలున్నవన్నియు సంఖ్యలు కావు. కోలారు ఎస్.టి.డి. కోడు 08152ను సంఖ్యగా మార్చినచో ముందటి సున్న పోయి 8152 మిగులును.

ఇక అక్షరముల మాట. యూనికోడులో ప్రతి అక్షరమునకు ఒక సంఖ్య గలదు. 3072 నుండి 3199 వరకు స్థానములు తెలుగునకు, 3200 నుండి 3327 వరకు కన్నడమునకు కేటాయింపబడినవి. తెలుగు ‘ర’ 3120. కన్నడ ‘ర’ 3248. మన కంటికి రెండును ఇంచుమించు ఒకటే. యంత్రమునకు 128 మెట్ల దూరము. శ్రీనివాసపురములోని ‘ర’ కన్నడ కీబోర్డుతో పడినచో, అట్టి కేంద్రమే లేదనును. మాట చివర కంటికి కనబడని ఖాళీ మిగిలినను అంతే.

కావున విలువను వాడుటకు ముందు పరీక్షింపవలెను. మొదట అంచులలోని ఖాళీలను తొలగింపవలెను. పిదప ఏమియు మిగులకున్నచో తప్పని యెంచవలెను. సంఖ్యయైనచో హద్దులలో నున్నదా, పేరైనచో ముందుగా నిర్ణయించిన జాబితాలో నున్నదా యని చూడవలెను.

తప్పు దొరకినప్పుడు చేయవలసినది అన్నిటికంటె ముఖ్యము. కొందరు ప్రోగ్రాము ఆగరాదని, తెలియని విలువకు బదులు వాడుకలోని విలువను గ్రహించునట్లు వ్రాయుదురు. ‘తెలుగు’ తరువాత ఒక ఖాళీ పడినది. ప్రోగ్రాము గుర్తింపలేక ‘కన్నడము’ అనుకొన్నది. పరీక్షనాడు 35 మంది తెలుగు పిల్లల యెదుట కన్నడ ప్రశ్నపత్రములుండును! ఇందులో ఎవరి ద్వేషమును లేదు. అడుగక ఊహించుటయే దోషము. వాడుకలోని విలువ సాధారణముగా ఎక్కువమందిదే గనుక, ఇట్టి ఊహ తక్కువమందికే తగులును.

కావున ప్రోగ్రాము అచ్చటనే ఆగి, “బోధనాభాష యను వరుసలోని విలువ తెలియలేదు, తెలుగు, కన్నడము, ఉర్దూ – వీనిలో నొకటి వ్రాయుడు” అని స్పష్టముగా చెప్పవలెను. విద్యార్థులారా, రేపు మీరును ప్రోగ్రాములు వ్రాయుదురు. తెలియనిదానిని ఊహింపక, అడుగునట్లు వ్రాయుడు.