ఎముకల పరిశోధనశాలలో గురుశిష్యులు

రుద్రంగివంటి పల్లెలలో తాడిచెట్టునుండియో, బావిగట్టునుండియో జారిపడి కాలు విరిగినవాడు వెదురుబద్దల కట్టుతో నెలల తరబడి మంచము పట్టుట పెద్దలెల్లరు ఎరిగినదే. విరిగిన ఎముకను అతికించుట వైద్యుని పని. కాని ఎముక ఎంత బరువు మోయగలదు, చచ్చుపడిన కాలికి ఎట్టి ఆసరా కావలెను అను విషయములను తేల్చుటకు పరిశోధనశాలలు కలవు. అచ్చటి పని ఒక్కనివలన కాదు. వైద్యుడు, యంత్రశాస్త్రజ్ఞుడు, విద్యార్థి కలిసినగాని ఒక్క సాధనమైనను రోగి కాలికి చేరదు. ఇందులకు హైదరాబాదుననే జరిగిన ఒక ఉదాహరణము కలదు.

పోలియో సోకిన బిడ్డలకు కాలి కండరములు చచ్చుపడును. అడుగు వేయబోగా మోకాలు ముడుచుకొని బిడ్డ కూలబడును. అట్టివారికి పూర్వము లోహపుకడ్డీలతో చేసిన క్యాలిపరును తొడిగెడివారు. అది 3 కిలోలకు పైగా తూగెడిది. నడిపింపవలసిన సాధనమే కాలికి సంకెల యైనది.

ఆ నగరముననే రక్షణశాఖవారి క్షిపణి పరిశోధనశాల కలదు. 1982లో డాక్టరు అబ్దుల్ కలాముగారు దానికి అధ్యక్షులైరి. అగ్ని క్షిపణి 1989 మే 22వ తేదీన మొదటిసారి ఎగిరినది. దానికై తేలికయు గట్టితనమును గల మిశ్రమ పదార్థమును అచ్చట సిద్ధపరచిరి. మిశ్రమ పదార్థమనగా సన్నని పోగులను మరియొక పదార్థములో పొదిగి గట్టిపరచినది. సిరిసిల్ల మగ్గము నెరిగినవారికి పోగుల కూడికలోని బలమును వేరుగ చెప్పనక్కరలేదు.

నిజాం వైద్యవిజ్ఞానసంస్థ మొదట ఎముకల ఆసుపత్రిగా వెలసినది. అచ్చటి ఎముకల వైద్యులొకరు ఈ శాలను చూడవచ్చి, ఆ పదార్థమును చేతితో ఎత్తి, దాని తేలికకు ఆశ్చర్యపడి, కలాముగారిని తమ ఆసుపత్రికి తోడ్కొనిపోయి, బరువైన కాళ్లను ఈడ్చుకొనుచున్న బిడ్డలను చూపిరట. మూడు వారములలో 300 గ్రాముల సాధనము సిద్ధమైనదని కలాముగారు స్వయముగా చెప్పియున్నారు.

దాని కీలకము ఇది. పాదము నేలను నొక్కినప్పుడు నేలయు అంతే బలముతో పాదమును ఎదురు నొక్కును. ఈ సాధనములో పాదము క్రింది పలకయు, మోకాటిక్రింద కాలి ముందు భాగమునకు ఆనిన పలకయు ఒక్కటిగా కలిసియుండును. నేల ఇచ్చు ఒత్తిడి దానిగుండ పైకెక్కి, కాలిని వెనుకకు నెట్టి, మోకాలు ముడుచుకొనకుండ నిలుపును.

వైద్యునికి క్షిపణి పదార్థము కొత్త. శాస్త్రజ్ఞునికి రోగి నడక కొత్త. ఆసుపత్రిలో వైద్యుడు గురువు, శాలలో శాస్త్రజ్ఞుడు గురువు. తెలియని చోట శిష్యుడగుటకు ఇరువురును వెనుదీయలేదు. పెద్దలే ఇట్లు నడచుకొన్నచో పిన్నలకు వేరు పాఠము అక్కరలేదు.

ఇట్టి శాలలో శిష్యుని తీర్చిదిద్దుట యనగా గ్రంథము వల్లెవేయించుట కాదు. మొదట రోగి నడకను చూపవలెను. అడుగు ఎచ్చట తడబడుచున్నదో శిష్యుడే గుర్తింపవలెను. కొలతలు తానే తీయవలెను. సాధనమును మాటిమాటికి వంచి, నొక్కి, ఎచ్చట పగులునో పరీక్షింపవలెను. శాలలో పగిలిన పలక పాఠము చెప్పును; వీథిలో పగిలిన పలక బిడ్డను పడవేయును. కావున కొలత తప్పినదని శిష్యుడు జంకక చెప్పగల చనువును గురువు ఈయవలెను. ఆ మాట గొంతులోనే అణగిన శాలలో ఎన్ని యంత్రములున్నను నిష్ఫలము.

2011 జనవరి తరువాత మన దేశమున సహజమైన పోలియో వైరసువలన వ్యాధి కనబడలేదు. 2014లో దేశము పోలియోరహితమని ప్రకటింపబడినది. అయినను పూర్వము కాలు పోగొట్టుకొన్నవారు మన నడుమనే ఉన్నారు. బండ్ల ప్రమాదములును, ముసలితనపు మోకాటినొప్పులును ఉండనే ఉన్నవి. ఈ పనికి రేపు చేతులు కావలెను.

పెద్దలారా, ఆ చేతులు మీ యిండ్లనుండియే రావలెను. పిల్లవాడు ఎందుకని అడిగినప్పుడు గద్దింపక, తెలిసినది చెప్పుడు. తెలియనిచో తెలిసినవానియొద్దకు పంపుడు. గురువు ఎదుట నోరు విప్పగల ధైర్యము వానికి మొదట అబ్బునది మీ అరుగుమీదనే.